పత్తి చేలో మేసిన మంద

2006 తొలి నెలల్లో వరంగల్ జిల్లా పల్లెల్లో జీవాలు వరసగా పడిపోయాయి. పత్తి ఏరడం అయిపోయిన కాలమది. చేలల్లో కట్టె అలాగే నిలబడి ఉంది. దాని కణుపుల్లో లేత చిగుళ్లు, కొసల్లో పగలని పచ్చికాయలు. బీళ్లు ఎండిపోయి మేతకు కటకటలాడే ఆ రోజుల్లో గొల్ల కురుమలకు పత్తి చేను దొరికిందంటే పండగే. రైతుకూ అభ్యంతరం ఉండదు. మంద తిరిగిన చేనంటే ఎరువు తోలిన చేనే. ఈ ఏర్పాటు ఊళ్లలో కొత్తదేమీ కాదు.

ఆ ఏడు మాత్రం లెక్క తప్పింది. కాపరులు చెప్పిన లక్షణాలు దాదాపు అన్ని ఊళ్లలో ఒకేలా ఉన్నాయి. రెండు మూడు రోజులు వరసగా పత్తి చేలో మేశాక జీవం మందగిస్తుంది, దగ్గుతుంది, ముక్కు కారుతుంది. నోట్లో ఎర్రటి పుండ్లు లేస్తాయి. కడుపు ఉబ్బుతుంది, నల్లగా పారుకుంటుంది. కొన్నిటికి మూత్రం కూడా ఎర్రగా వచ్చింది. అయిదు నుంచి ఏడు రోజుల్లో చావు. మహిళా పశువైద్యులు నడిపే ఆంత్ర సంస్థ, హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రం, గొర్రెల కాపరుల సంఘం కలిసి ఇప్పగూడెం తదితర నాలుగు ఊళ్లలో తిరిగి లెక్క వేస్తే చనిపోయినవి దాదాపు 1,800 అని తేలింది.

ఆ చేలల్లో ఉన్నది బీటీ పత్తి. దేశంలో దానికి అనుమతి వచ్చింది 2002 మార్చిలో. కాబట్టి ప్రశ్న వెంటనే ఒకే రూపం తీసుకుంది: బీటీ చంపిందా, చంపలేదా? పత్రికలు, సంస్థలు, శాస్త్రవేత్తలు, కంపెనీలు అన్నీ ఆ ప్రశ్న చుట్టూనే రెండు జట్లుగా నిలబడ్డాయి. రాష్ట్ర పశుసంవర్ధక శాఖ నమూనాలు పరీక్షకు పంపింది. చివరికి కేంద్రంలోని జన్యు ఇంజనీరింగ్ ఆమోద కమిటీ ముందుకు వచ్చిన నిర్ధారణ ఇది: చావులకు బీటీ విషం కారణం కాదు, మేతలో నైట్రేట్లు, నైట్రైట్లు ఎక్కువగా ఉండటం, హైడ్రోజన్ సయనైడ్, ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల అవశేషాలు ఉండటం కారణం కావచ్చు. కాపరుల పక్షాన నిలిచిన సంస్థలు దీన్ని ఒప్పుకోలేదు. బీటీ జట్టు ఊపిరి పీల్చుకుంది. అక్కడితో కథ ముగిసినట్టే అందరూ ఇళ్లకు వెళ్లిపోయారు.

బీటీ మాట ఇక్కడ నేను తేల్చబోవడం లేదు. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ కమిటీ ముందుకు వచ్చిన నిర్ధారణలోని రెండో సగం. ఒక మామూలు పత్తి చేలో, మామూలుగా వేసే ఎరువుతో, మామూలుగా కొట్టే మందుతో మూడు రకాల విషాలు ఒకేసారి గొర్రె పొట్టలోకి చేరుతున్నాయని ప్రభుత్వమే చెబుతోంది. బీటీ కాదన్న మాటకంటే ఇది పెద్ద వార్త. దీని మీద మాత్రం జట్లు కట్టినవాళ్లు లేరు. ఆ మూడూ కలిస్తే ఒంట్లో ఏం జరుగుతుందన్నది ఈ అధ్యాయం.

పొట్టలో మొదలయ్యే పని

మొక్క నత్రజనిని ప్రధానంగా నైట్రేట్ రూపంలో వేళ్లతో పీల్చుకుంటుంది. మనం వేసే యూరియా కూడా నేలలో సూక్ష్మజీవుల చేతిలో అమ్మోనియా అయి, ఆపైన నైట్రేట్ అవుతుంది. ఆకులోకి చేరిన నైట్రేట్‌ను నైట్రేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ విడగొడితే అది ప్రొటీన్ తయారీకి పనికొస్తుంది. ఆ ఎంజైమ్‌కు ఎండ కావాలి, రవ్వంత మాలిబ్డినం కావాలి. నాలుగు రోజులు మబ్బు పట్టినా, బెట్ట తగిలి ఒక్కసారిగా వాన పడినా వేళ్లు నైట్రేట్‌ను లాగుతూనే ఉంటాయి, ఆకు మాత్రం దాన్ని వాడుకోలేదు. అలా మిగిలింది కాండంలో, ముఖ్యంగా అడుగు భాగంలో నిలవ ఉంటుంది. జొన్న, సజ్జ, మొక్కజొన్న, ఓట్స్, తోటకూర జాతి కలుపు మొక్కలు ఈ నిలవలో పేరుమోసినవి.

పత్తి సంగతి పశువైద్యులకంటే వ్యవసాయ శాస్త్రవేత్తలకే బాగా తెలుసు. అమెరికాలో పత్తికి ఇంకా నత్రజని వేయాలో వద్దో తేల్చుకోవడానికి ఆకు తొడిమలు కోసి అందులో నైట్రేట్ కొలుస్తారు. పైరు లేతగా ఉన్నప్పుడు ఎండిన తొడిమలో ఆ అంకె పది లక్షల భాగాలకు పదివేలు కూడా దాటుతుంది, కాయ ముదిరేకొద్దీ పడిపోతుంది. అంటే ముదిరిన పత్తి చేను ఈ లెక్కన ప్రమాదం కాకూడదు. కానీ గొర్రె ముదురాకు జోలికి పోదు. అది వెతుక్కునేది ఏరడం అయ్యాక పుట్టిన చిగురును, తొడిమ లేతగా ఉన్న ఆకును.

ఇక పెద్దపొట్ట. గొర్రె, మేక, ఆవు, గేదె నెమరువేసే జంతువులు. వాటి పొట్టలో మొదటి గది ఒక పులియబెట్టే తొట్టి, కోటానుకోట్ల సూక్ష్మజీవులకు నిలయం. అవి నైట్రేట్‌ను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను అమ్మోనియాగా మార్చి, ఆ అమ్మోనియాతో తమ ప్రొటీన్ కట్టుకుంటాయి. అది సక్రమంగా సాగితే నైట్రేట్ విషం కాదు, ఆహారమే. చిక్కల్లా మొదటి మెట్టు వేగంగా, రెండో మెట్టు నెమ్మదిగా జరగడంలో ఉంది. ఆకలి మీదున్న మంద నైట్రేట్ నిండిన మేత మీద పడి గబగబా తింటే మధ్యలో నైట్రైట్ పేరుకుపోయి రక్తంలోకి దిగుతుంది. అదే మేతను కొద్దికొద్దిగా, కొన్నాళ్లు అలవాటు చేసి పెడితే సూక్ష్మజీవుల్లో నైట్రైట్‌ను మింగేవాటి పాలు పెరిగి జంతువు తట్టుకుంటుంది. తోడుగా దాణా పెడితే ఇంకా మేలు, ఎందుకంటే ఆ మార్పిడికి శక్తి కావాలి. గొర్రెలు ఈ విషయంలో పశువులకంటే కాస్త గట్టివని పశువైద్య గ్రంథాలు చెబుతాయి.

రక్తంలోకి దిగిన నైట్రైట్ హీమోగ్లోబిన్‌లోని ఇనుమును ఆక్సీకరణ చేస్తుంది. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో ఉండాల్సిన ఇనుము మూడు పోగొట్టుకుంటుంది, ఆక్సిజన్‌ను పట్టుకోలేదు. దీని పేరు మెట్‌హీమోగ్లోబిన్. పోలిక చెప్పాలంటే, పాల వ్యాను వేళకే వస్తుంది, ప్రతి ఊళ్లోనూ ఆగుతుంది, కాని క్యాన్ల మూతలు తుప్పు పట్టి తెరుచుకోవు. రక్తం తిరుగుతూనే ఉంటుంది, సరుకు మాత్రం చేరదు. అంతకంటే అన్యాయం ఏమిటంటే, మిగిలిన మంచి హీమోగ్లోబిన్ కూడా తాను పట్టుకున్న ఆక్సిజన్‌ను కణజాలానికి వదలడానికి మొరాయిస్తుంది. అందుకే రక్తంలో 30 శాతం ఇలా మారేసరికే జంతువు రొప్పుతుంది, తూలుతుంది. 80 శాతం దగ్గర పడితే బతకదు. కోసి చూస్తే రక్తం చాక్లెట్ రంగులో, చిక్కటి గోధుమ వన్నెలో ఉంటుంది. చిగుళ్లు, కనురెప్పల లోపలి పొర కూడా అదే మురికి రంగుకు తిరుగుతాయి.

ఈ జబ్బు చరిత్ర పాతదే. 1895లో కాన్సస్‌లో మేయో అనే పశువైద్యుడు మొక్కజొన్న చొప్ప తిని చనిపోయిన పశువుల గురించి రాస్తూ, చొప్పలో పెట్లుప్పు, అంటే పొటాషియం నైట్రేట్, ఉందని చెప్పాడు. ఆ మాట నలభై ఏళ్లకు పైగా మూలన పడి ఉంది. 1930ల చివర్లో వ్యోమింగ్‌లో బ్రాడ్లీ, ఎప్సన్, బీత్ ఓట్స్ గడ్డి తిని చచ్చే పశువుల మీద పనిచేసి, చంపేది నైట్రైట్ అని, దానికి మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు విరుగుడని నిరూపించారు. ఇవాళ్టికీ పశువైద్యుడి పెట్టెలో ఉండాల్సిన మందు అదే.

రెండో చేయి

ఆర్గానోఫాస్ఫేట్ల దారి వేరు. మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్ పేర్లు తెలియని పత్తి రైతు లేడు. నరం నుంచి కండరానికి కబురు అందించే రసాయనం ఎసిటైల్ కోలిన్. పని అయ్యాక దాన్ని తుడిచేసే ఎంజైమ్ కోలినెస్టరేజ్. ఈ మందులు ఆ ఎంజైమ్‌ను కట్టిపడేస్తాయి. కబురు ఆగదు. నోట్లో చొంగ, కళ్లలో నీళ్లు, పారుడు, కండరాల వణుకు, సూదిమొనంత కుంచించుకుపోయిన కంటిపాప. ఊపిరి గొట్టాల్లో జిగురు నిండుతుంది, గొట్టాలే బిగుసుకుంటాయి, చివరికి ఊపిరి ఆడించే కండరాలు చేతులెత్తేస్తాయి.

ఇప్పుడు రెండూ ఒకే జీవంలో ఉన్నాయనుకోండి. ఒకటి గాలిని ఊపిరితిత్తుల దాకా రానివ్వదు. ఇంకొకటి వచ్చిన గాలిని రక్తంలో ఎక్కనివ్వదు. రెండూ దాడి చేసేది ఆక్సిజన్ దారి మీదే. పురుగుమందు మోతాదు అయిదో వంతు, నైట్రేట్ మోతాదు మూడో వంతు అని విడివిడిగా కొలిచి రెండూ ప్రాణాంతకం కావని రాసుకోవచ్చు. జీవానికి కావాల్సింది మాత్రం ఊపిరి ఆడటం, అది ఆ రెండు తగ్గింపుల లబ్ధం మీద ఆధారపడి ఉంటుంది.

నైట్రైట్‌కు ఇంకో గుణం ఉంది, అది రక్తనాళాలను వదులు చేసి రక్తపోటు పడేస్తుంది. దాన్ని సరిదిద్దుకోవడానికి గుండె పరుగెత్తాలి. ఆర్గానోఫాస్ఫేట్ గుండె వేగాన్ని తగ్గించే నరాన్ని రెచ్చగొడుతుంది. పరుగెత్తాల్సిన గుండె నెమ్మదిస్తుంది. పైకి చూసే వైద్యుడికి నాడి మామూలుగా ఉన్నట్టు కూడా తోచవచ్చు. రెండు విషాల గుర్తులు ఒకదాన్నొకటి కప్పేయడం ఇలా ఉంటుంది.

వరంగల్ కాపరులు చెప్పిన లక్షణాలను ఈ వెలుగులో చూస్తే ఒక విషయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నైట్రేట్ ఒక్కటే చంపితే గంటల్లో చంపుతుంది, అయిదారు రోజులు పట్టదు. నోటి పుండ్లు దాని గుర్తు కాదు. చొంగ, వణుకు కాపరులు చెప్పిన పట్టికలో ముఖ్యంగా లేవు. సయనైడ్ అయితే నిమిషాల్లోనే తేల్చేస్తుంది. ఒక్క విషాన్ని పట్టుకుని కథ మొత్తం చెప్పబోతే ఎక్కడో ఒకచోట కథ అడ్డం తిరుగుతుంది. దీర్ఘకాలం కొద్దికొద్దిగా లోపలికి వెళ్లినవి, ఆకలి, అలసట, అప్పటికే మందలో ఉన్న అంటురోగాలు కలిసి ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం. చిటుక రోగం, పీపీఆర్ మన మందలకు కొత్తవి కావు.

విషానికి విషం

మూడోదైన సయనైడ్ వస్తే లెక్క మరింత వింతగా మారుతుంది. నాము మేసిన పశువు చస్తుందని తెలుగు రైతుకు తాతల నాటి నుంచీ తెలుసు. కోసిన జొన్న మోడు నుంచి లేచే పిలకలో, లేత జొన్నలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. నమిలినప్పుడు అది హైడ్రోజన్ సయనైడ్‌ను వదులుతుంది. కణం ఆక్సిజన్‌ను వాడుకునే చివరి ఎంజైమ్‌ను ఆ సయనైడ్ పట్టేస్తుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉంటుంది, వాడుకునే దిక్కు ఉండదు. అందుకే ఆ రక్తం చెర్రీపండులా ఎర్రగా ఉంటుంది.

సయనైడ్‌కు మందు ఏమిటి? సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్. 1930ల్లో అమెరికాలో కె.కె. చెన్, అతని సహచరులు తేల్చిన చికిత్స ఇది. నైట్రైట్ కావాలనే కొంత మెట్‌హీమోగ్లోబిన్‌ను తయారుచేస్తుంది, ఆ మెట్‌హీమోగ్లోబిన్ సయనైడ్‌ను తనవైపు లాక్కుంటుంది. థయోసల్ఫేట్ దాన్ని హాని లేని రూపంలోకి మార్చి మూత్రంలోకి పంపుతుంది. అంటే మేతలోని నైట్రేట్, మేతలోని సయనైడ్‌కు కొంతవరకు విరుగుడు! రెండు విషాలు కలిస్తే ఎప్పుడూ కూడికే అనుకోవడం తప్పు. కలయికల్లో తీసివేతలూ ఉంటాయి, గుణకారాలూ ఉంటాయి.

కానీ ఇది సంతోషించే విషయం కాదు. ఎండు జొన్న చొప్ప తిన్న పశువు పడిపోతే అలవాటు కొద్దీ నామేనని తీర్పు చెప్పి నైట్రైట్ ఎక్కించిన వైద్యుడు, అది నిజానికి నైట్రేట్ విషమైతే, చావును దగ్గరికి తెచ్చినట్టే. నాము దెబ్బ సాధారణంగా లేత పచ్చి పైరుతోనే వస్తుంది. కోసి ఎండబెడితే సయనైడ్ చాలావరకు ఎగిరిపోతుంది, కాబట్టి ఆరబెట్టి వేయమనే సలహా దానికి సరైనదే. నైట్రేట్ అలా ఎగిరిపోదు. ఎండిన గడ్డిలో అది భద్రంగా ఉంటుంది, వచ్చే వేసవి దాకా కూడా. పాతర వేసి సైలేజీ చేస్తే పులియడంలో సగం దాకా తగ్గవచ్చు. ఒకే చొప్పలో ఉన్న రెండు విషాలకు రెండు వైద్యాలు, రెండు నిలవ పద్ధతులు.

కలయిక లెక్క కట్టినవాళ్లు

విషాల కలయికను తొలినాళ్లలో లెక్కల్లో పెట్టినవాళ్లలో ఒకడు చెస్టర్ బ్లిస్. కీటకశాస్త్రం నుంచి గణాంకశాస్త్రంలోకి వచ్చిన మనిషి. 1939లో రాసిన వ్యాసంలో కలయికలను మూడు రకాలు చేశాడు: రెండు విషాలు ఒకే తాళం మీద పనిచేయడం, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వేర్వేరు చోట్ల పనిచేయడం, ఒకటి ఇంకొకదాన్ని రెచ్చగొట్టడం. మూడోదానికి ఉదాహరణ కోసం ఇరవై ఏళ్లు కూడా ఆగాల్సి రాలేదు. 1957లో అమెరికా ఆహార, ఔషధ సంస్థలో ఫ్రాలీ బృందం మాలాథియాన్‌ను, ఈపీఎన్ అనే ఇంకో ఆర్గానోఫాస్ఫేట్‌తో కలిపి ఇచ్చి చూసింది. క్షీరదాలకు పెద్ద ప్రమాదం లేనిదిగా పేరున్న మాలాథియాన్ హఠాత్తుగా ఎన్నో రెట్లు విషపూరితమైంది. కారణం తరవాత తెలిసింది. మాలాథియాన్‌ను ఒంట్లో విరగ్గొట్టి పడేసే ఎంజైమ్‌ను ఈపీఎన్ ముందే పనిచేయకుండా చేసింది. కాపలాదారును రెండో దొంగ కట్టేశాడు.

ఈ లెక్కల్లో నైట్రేట్‌ను చేర్చి చూసినవాళ్లు తక్కువ. చెప్పుకోదగ్గది విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వారెన్ పోర్టర్ బృందం చేసిన అయిదేళ్ల పని, 1999లో వెలువడింది. ఆల్డికార్బ్ అనే కార్బమేట్ రకం పురుగుమందు, అట్రజిన్ అనే కలుపుమందు, నైట్రేట్, ఈ మూడింటిని విడిగానూ కలిపీ ఎలుకలకు తాగే నీళ్లలో ఇచ్చారు. అది కూడా భూగర్భజలాల్లో కనిపించే మోతాదుల్లో. విడిగా ఇచ్చినప్పటికంటే, నైట్రేట్ తోడైన కలయికల్లో థైరాయిడ్ హార్మోన్ల స్థాయిలో, రోగనిరోధక స్పందనలో, ఎలుకల కోపోద్రేకంలో మార్పులు ఎక్కువగా నమోదయ్యాయి. ఇవి ఎలుకలు, గొర్రెలు కావు. ఎలుకకు పెద్దపొట్ట లేదు. అందుకని ఆ అంకెలను ఉన్నపళంగా మన మందకు అంటగట్టకూడదు. అయినా ఈ పరిశోధనలో నాకు నచ్చేది మోతాదుల ఎంపిక. ప్రయోగశాలలో చంపడానికి సరిపడేంత కాకుండా, ఊరి బావిలో ఉండేంత ఇచ్చి చూశారు. పైగా ఆల్డికార్బ్ కూడా ఆర్గానోఫాస్ఫేట్లలాగే కోలినెస్టరేజ్‌ను పట్టే మందు. అట్రజిన్ అంటే మన మొక్కజొన్న చేలల్లో కొట్టే కలుపుమందే.

థైరాయిడ్ సంగతికి వివరణ కూడా కష్టం కాదు. థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ను లాక్కునే ద్వారంలో నైట్రేట్ అయాన్ కూడా దూరుతుంది, అయోడిన్‌కు చోటు తగ్గుతుంది. 1974లో మరో దిక్కున ఎలెస్పురు, లిజిన్‌స్కీ, సెట్లో కార్బరిల్ అనే పురుగుమందు నైట్రైట్‌తో కలిసినప్పుడు పుట్టే నైట్రోసో కార్బరిల్ జన్యువులను మార్చే గట్టి రసాయనమని చూపారు. ఆ చర్యకు ఆమ్లం కావాలి. గొర్రె పొట్టలో నాలుగో గది ఆమ్లంతోనే నిండి ఉంటుంది. అక్కడిదాకా ఎంత నైట్రైట్ మిగిలి వస్తుందన్నది మేతను బట్టి మారుతుంది.

గట్టు మీది తోటకూర

పురుగుమందు, నైట్రేట్ పొట్టలోనే కాదు, మొక్కలోనే చేతులు కలిపే దారి ఒకటుంది. చాలామంది రైతులకు ఇది చెప్పే దిక్కు లేదు. 2,4-డి అనే కలుపుమందు మన వరి పొలాల్లో వెడల్పాకు కలుపు మీద విస్తారంగా వాడుకలో ఉంది. అది మొక్క పెరుగుదలను కట్టుతప్పిస్తుంది. వేరు కొన్నాళ్లు నైట్రేట్ లాగుతూనే ఉంటుంది, ఆకు దాన్ని ప్రొటీన్ చేయడం ఆపేస్తుంది. 1950లో స్టాలర్, వైట్‌హెడ్ చక్కెర దుంప ఆకుల్లో దీన్ని చూపారు. మందు పడిన ఆకుల్లో పొటాషియం నైట్రేట్ పెరిగింది.

ఇంతకంటే దారుణం ఏమిటంటే, మందు పడిన కొన్ని కలుపు మొక్కల్లో చక్కెర కూడా పెరుగుతుంది, వాడు మొహం పట్టాక పశువుకు రుచిగా అనిపిస్తుంది. మామూలు రోజుల్లో మూతి తిప్పుకునే మొక్కను ఆ వారం ఇష్టంగా కొరుకుతుంది. గట్టు మీద మందు చల్లి, మూడో రోజు వడలిన తోటకూర, పాయలాకు కోసి దూడ ముందు వేసే ఇంట్లో రెండు తప్పులు ఒకేసారి జరుగుతున్నాయి. దూడ పడిపోతే మందు అవశేషం చంపిందా, మందు పెంచిన నైట్రేట్ చంపిందా అని విడదీసి అడిగే ప్రశ్నకు అర్థమే లేదు.

నీళ్లు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. మనుషుల తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాముల నైట్రేట్. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు 20 శాతం ఆ గీత దాటాయి. తెలంగాణలో అది 27 శాతం పైన, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం పైన. పశువులకు లీటరుకు సుమారు 440 మిల్లీగ్రాముల దాకా పరవాలేదని సాధారణంగా రాస్తారు. ఆ పరవాలేదు మేత శుభ్రంగా ఉన్నప్పటి మాట. 300 కిలోల ఆవు రోజుకు 7 కిలోల పొడి మేత తింటుందని, అందులో 0.6 శాతం నైట్రేట్ ఉందని అనుకుందాం, 42 గ్రాములు. 40 లీటర్ల నీళ్లు, లీటరుకు 300 మిల్లీగ్రాములు అయితే ఇంకో 12 గ్రాములు. మేత నమూనా పంపినవాడికి 42 కనిపిస్తుంది, నీటి నమూనా పంపినవాడికి 12 కనిపిస్తుంది. ఆవుకు 54.

విడివిడిగా కొలిచే ఈ అలవాటు చట్టంలోకి కూడా పాకింది. పురుగుమందు అవశేషానికి గరిష్ఠ పరిమితి ఒక్కో మందుకు ఒక్కోటి. అమెరికా 1996లో తెచ్చిన ఆహార నాణ్యతా రక్షణ చట్టం ఒక అడుగు ముందుకు వేసింది, ఒకే రకంగా పనిచేసే మందులన్నిటినీ కలిపి లెక్క కట్టమంది. ఆర్గానోఫాస్ఫేట్లన్నీ ఒక గంపలో పడ్డాయి. నైట్రేట్ పురుగుమందు కాదు, దాని పనితీరు వేరు, కాబట్టి ఆ గంపలోకి ఎప్పటికీ రాదు. ఊపిరి ఆడని గొర్రెకు ఆ తేడా ఏం తెలుసు?

శవం దగ్గర చేయాల్సిన పని

చావులు మొదలైన మంద దగ్గరికి వైద్యుడు చేరేసరికి సగం సాక్ష్యం ఆవిరైపోతుంది. చనిపోయిన కొన్ని గంటల్లోనే మెట్‌హీమోగ్లోబిన్ మారిపోతుంది, చాక్లెట్ రంగు నమ్మదగ్గ గుర్తు కాకుండా పోతుంది. పెద్దపొట్టలోని సరుకును గది వేడిలో ఉంచితే సూక్ష్మజీవులు నైట్రేట్‌ను అక్కడా తింటూనే ఉంటాయి. అందుకే అనుభవజ్ఞులు కంటిని ఆశ్రయిస్తారు. కనుగుడ్డు లోపలి నీరు సన్నటి సూదితో లాగితే, చనిపోయి ఒక రోజు గడిచినా అందులో నైట్రేట్ నిలిచి ఉంటుంది. ఆర్గానోఫాస్ఫేట్ కోసం మెదడు సగం, రక్తం మంచులో పెట్టాలి, వాటిలో కోలినెస్టరేజ్ ఎంత మిగిలిందో చూస్తారు. పొట్ట సరుకు వేరే డబ్బాలో గడ్డకట్టించాలి. చేలోని చిగురు, తాగిన కుంట నీళ్లు కూడా తీసుకోవాలి. ఒక్కటి తీసుకుని ఒక్కటి పరీక్ష చేయిస్తే, దొరికిందే కారణమైపోతుంది.

మేతలో నైట్రేట్‌ను పట్టే పరీక్ష మాత్రం గట్టు మీదే అవుతుంది. డైఫినైల్ అమైన్‌ను గంధకామ్లంలో కలిపిన ద్రావణం ఒక చుక్క చాలు. జొన్న దంటును అడుగు నుంచి నిలువునా చీల్చి, లోపలి తెల్లటి బెండు మీద ఆ చుక్క వేయాలి. నైట్రేట్ లేకపోతే చుక్క అలాగే ఉంటుంది, లేదా ఆమ్లం కాల్చినందుకు కాస్త గోధుమగా మారుతుంది. ఉంటే కొన్ని సెకన్లలో ముదురు నీలం పాకుతుంది, దంటు అడుగున ఒక నీలం, పై కణుపు దగ్గర ఇంకో లేత నీలం. ఆమ్లం చేతికి తగిలితే కాలుతుంది, కాబట్టి ఈ పని పిల్లల చేత చేయించకూడదు. నీలం వచ్చిన మేతను ప్రయోగశాలకు పంపాలి. పొడి మేతలో అర శాతం లోపు ఉంటే చింత లేదు. ఒక శాతం దాటితే ఇతర మేతలో కలిపి కొద్దిగా వేయాలి, చూడి పశువుకు అసలు వద్దు. ఒకటిన్నర దాటితే దేనికీ వేయకూడదు.

చికిత్సలో కూడా వరస ముఖ్యం. రెండు విషాల గుర్తులూ కలిసి కనిపించే జీవానికి ముందు ఆర్గానోఫాస్ఫేట్‌కు విరుగుడైన అట్రోపిన్ కొట్టేయాలని చెయ్యి లాగుతుంది, ఎందుకంటే చొంగ, పారుడు కళ్లకు కనిపిస్తాయి. కానీ ఆక్సిజన్ అందక నీలమైపోయిన గుండెకు అట్రోపిన్ ఇస్తే లయ తప్పే ప్రమాదం ఉందని విషవైద్య గ్రంథాలు హెచ్చరిస్తాయి. చిగుళ్లు గోధుమగా ఉంటే మిథిలీన్ బ్లూను మరిచిపోవడానికి వీల్లేదు. మన పల్లెల్లో అట్రోపిన్ దొరికినంత సులభంగా మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్ దొరకదు.

మందు డబ్బా మీది లేబుల్ కొన్నవాడితో మాట్లాడుతుంది. పత్తికి ఆఖరి మందు కొట్టిన రైతు దాన్ని చదివినా చదవకపోయినా, రెండు నెలల తరవాత ఆ చేలోకి మందను తోలే కాపరి చేతికి ఆ డబ్బా రాదు. అందుకని ఆ మాట అతనే అడగాలి. "పటేలా, ఆఖరి మందు ఏది గొట్టిండ్రు, ఎన్నడు? యూరియా ఎన్నడు ఏసిండ్రు?" రెండూ అడగాలి, ఒకటి అడిగి ఊరుకుంటే సగమే తెలుస్తుంది. చివరి వాన ఎప్పుడు పడింది, చిగురు ఎన్ని రోజులది అన్నది చేను చూస్తే అతనికే అర్థమవుతుంది. అనుమానం ఉన్న చేలోకి మందను పొద్దున్నే ఖాళీ కడుపుతో తోలకూడదు. ముందు ఎండుగడ్డి, వేరుశనగ కట్టె తినిపించి, మధ్యాహ్నం దాటాక ఓ గంటసేపు తిప్పి బయటికి తోలాలి. మర్నాడు చిగుళ్ల రంగు చూశాకే ఇంకో గంట పెంచాలి.